అంగారకుడి మీద మా పసుపు కల్లం

అక్షరాల్లో తప్పులుంటే నవ్వకండి ఫ్రెండ్స్, నేను ఐదో తరగతి దాకానే చదివాను.

పొద్దున మా ఆయన ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. ఎర్రటి నేల, దాని మీద చెట్టు కొమ్మల్లా చీలిపోయిన గీతలు.

"మా కల్లం లెక్కనే ఉన్నది" అన్నాను.

"గది అంగారకుడే! ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటో. గవి ఎప్పుడో నీళ్లు పారిన జాడలంట. గక్కడ పసుపు ఎవరు ఆరబోస్తరే?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

పసుపు ఉడికేటప్పుడు ఊరంతా కమ్ముకునే ఆ వాసన మీకూ గుర్తుందా? నేను ఐదో తరగతి చదివే యేడు, మా పుట్టినూరు వేల్పూర్‌లో మా కల్లం నిండా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉండగా చెడగొట్టు వాన పడింది. తెల్లారి మక్కచేను మంచె ఎక్కి చూస్తే, అలికిన నేలంతా అచ్చం ఈ గీతలే. వాటి నిండా బురదపట్టిన కొమ్ములు.

"మీద కూసోని ఏం జూస్తున్నవే? దిగి ఏరు!" అని అమ్మ కేకేసింది.

మార్కెట్‌లో ఆ కొమ్ములు విరిచి చూసి, రంగు పోయిందని పక్కన పడేశారు. కూలీలను పెట్టలేక బాపు నన్ను చేనుకు తీసుకుపోయాడు.

"గీ ఒక్క యేడే బిడ్డా, మల్ల బడికి పోదువు" అన్నాడు. నేను మళ్లీ బడికి పోలేదు.

కల్లం మీది గీతలను అమ్మ పేడతో అలికేసింది. అంగారకుడి మీద అలికేవాళ్లు లేరు, అందుకే అలాగే ఉండిపోయాయి.

బాపు ఇప్పటికీ మా పాప బడి సంగతి అడిగి, నా మొహం చూడకుండా తల దించుకుంటాడు. చదివాక దీన్ని మీ ఫోన్లలోంచి తీసేయండి. ఊళ్లో ఎవరైనా బాపుకు చదివి వినిపిస్తారేమోనని నా భయం.