నాయుడి ఎడమకాలు

2023 వేసవి. చోడవరంలో మా డ్రైవింగ్ స్కూలుకి రావికమతం నుంచి అప్పలనాయుడు వచ్చాడు. నలభై దాటినవాడు, ఊహ తెలిసినప్పటి నుంచీ ట్రాక్టరు తోలినవాడు. యజమాని ట్రాక్టరు అమ్మేశాక పని లేకుండా పోయింది. ఒక స్కూలువాళ్ళు వ్యాను డ్రైవరుగా తీసుకుంటామన్నారట గానీ, ముందు కారు నేర్చుకుని నాచేత సరేననిపించుకు రమ్మన్నారట. అటు చూస్తే అతని బతుకుతెరువు, ఇటు చూస్తే పిల్లల ప్రాణాలు. మధ్యలో నా మాట.

స్టీరింగు, గేర్లు అతనికి మంచినీళ్ళప్రాయం. ఇతనికి నేను నేర్పేదేముందిలే అనుకున్నాను. వారం తిరక్కుండానే వడ్డాది సంత దగ్గర దూడ అడ్డమొచ్చింది. నాయుడు క్లచ్ తొక్కాడు. ఒట్టి క్లచ్చే. కారు ఆగకుండా దొర్లుకుంటూ పోయింది. నా కాలి కింద డ్యూయల్ బ్రేకు, అంటే నేర్పేవాడి కోసం పెట్టే రెండో బ్రేకు, ఉండబట్టి దూడ బతికింది.

నాట్ల కోసం నీళ్ళు పెట్టిన మడిని దున్ని దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు నెమ్మదిగా నడుస్తుంది. క్లచ్ తొక్కితే చాలు, మిగతా పని బురదే చూసుకుంటుంది. కారులో అలా తొక్కితే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగి, బండి తన ఊపున తాను పోతూనే ఉంటుంది. ఇదంతా చెప్పి, అప్పజెప్పమంటే పొల్లుపోకుండా అప్పజెప్పాడు. మర్నాడు ఆటో ఎదురొచ్చేసరికి మళ్ళీ క్లచ్చే. నాకు ఒళ్ళు మండి నాలుగు మాటలన్నాను.

"సెప్పినవన్నీ గుర్తున్నాయండి మాస్టారూ. బయమేసీసరికి ఎడంకాలే ముందెలిపోతంది," అన్నాడు తలొంచుకుని.

అప్పటితో ఉపన్యాసాలు కట్టిపెట్టాను. ఖాళీ మైదానంలో తిప్పుతూ, మాటల్లో పెట్టి, ఉన్నట్టుండి 'ఆపు' అనేవాణ్ణి. స్కూళ్ళు తెరిచే వేళకి కుడికాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. సరేనన్నాను. వ్యానెక్కాడు.

వానలు పడ్డాక ఒక ఆదివారం సాయంత్రం నాయుడు మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. బావమరిది మడి దమ్ము చెయ్యడానికి ట్రాక్టరు తోలాడట.

"పొద్దుట్నుంచి దమ్ములోనే ఉన్నానండి. పాత కాలు మళ్ళీ లేసినట్టుంది. రేపు పిల్లలెక్కుతారు. ఓ గంట నన్ను తిప్పి 'ఆపు' అనండి మాస్టారూ."

ఎవరూ అడగని సంగతి తనంతట తానే వచ్చి చెప్పినందుకు అతని మీద గౌరవం కలిగింది. అయినా ఇదంతా ఒట్టి భయమేలే అనుకుంటూనే కారు తీశాను. మొదటి 'ఆపు'కి క్లచ్చే తొక్కాడు. అతను రాకపోయుంటే ఆ తప్పు మర్నాడు పిల్లలతో జరిగేది.

పాత అలవాటు మర్చిపొమ్మని ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. అది పోదు. ఎప్పుడు లేస్తుందో కనిపెట్టుకుని ఉండమంటున్నాను.