సముద్రం ఒడ్డున కొర్రమట్ట

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు సముద్రం ఒడ్డున నిలబడి, మా మనుమరాలి పెళ్ళి చెడిపోయే మాట ఒకటి అన్నాను. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని, తిప్పి తిప్పి రాయడం నాకు రాదు. చేప చచ్చి ఉంది. అదే అన్నాను.

మాది మెదక్. చెరువు చేప తిని పెరిగినవాళ్ళం. బజారులో చేపలామె ముందు నీళ్ళ టబ్బు ఉంటుంది, అందులో కొర్రమట్టలు కొట్టుకుంటుంటాయి. కదిలేదాన్ని చూపించి కోయించుకుంటాం. కదలనిది తెచ్చినవాళ్ళను ఇంట్లో చాలా రోజులు ఎత్తిపొడుస్తారు.

మనుమరాలు హైదరాబాదులో తనతో పనిచేసే పిల్లవాణ్ణి ఇష్టపడింది. వాళ్ళది కాకినాడ అవతల చేపలు పట్టేవాళ్ళ పల్లె. వాళ్ళింట్లో పిల్లవాడి నాయనమ్మ మాటే మాట. ఆమె సరేనంటేనే పెళ్ళి. రైలెక్కే ముందు మనుమరాలు నా చేతులు పట్టుకుంది.

"అమ్మమ్మా, నీ కాళ్ళు మొక్కుత. ఆడ ఏం పెట్టినా మంచిగుందను. గంతే."

సరే అన్నాను. చేప బతికి ఉంటుందనుకుని అన్నాను.

ఆ నాయనమ్మ నన్నూ నా కూతురినీ మనుమరాలినీ నేరుగా ఒడ్డుకే తీసుకుపోయింది. అప్పుడే వచ్చిన వాళ్ళ పడవలోంచి చేయంత వంజరం ఎత్తి చూపింది.

"మీకోసమే వదినా. తెల్లారగట్ల పడింది."

వేలితో పొడిచి చూశాను. "గిది సచ్చింది గదా వదినె. కదుల్తలేదు."

"సముద్రం చేప బయటికొచ్చాక కదలడమేటి?"

"మా దిక్కు సచ్చినదాన్ని సుట్టాలకు పెట్టరు."

నా కూతురికి దగ్గు వచ్చింది. మనుమరాలు ఇసుకలో కూలబడింది.

"మరి మేకనేం చేత్తారు? బతికుండగానే తింటారా?" అంది ఆమె.

"తినం. కోసేముందు దాని మొకం జూస్తం."

"అయితే మా మనవడి మొప్పలు కూడా ఎత్తి చూసుకో, తాజాగా ఉన్నాడో లేదో!"

ఆమె వంజరాన్ని చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. మా వెంట ఒడ్డుకొచ్చిన పిల్లవాడు ముసలివాళ్ళం ఇద్దరినీ చూసి, ఆటో ఎక్కి టౌనుకు పరుగెత్తాడు. పొద్దెక్కాక మూతపెట్టిన బకెట్‌తో తిరిగొచ్చాడు. అందులో ఏ చెరువుదో కొర్రమట్ట ఉంది. సముద్రం పక్క పల్లెకు చెరువు చేప ఆటోలో వచ్చిందని తెలిసి ఆమె కూడా గరిటె పట్టుకుని మళ్ళీ ఒడ్డుకొచ్చింది.

మూత తీశాడో లేదో అది ఎగిరి దూకింది. పక్కనే ఒడ్డు మీద అమ్మకానికి పోసిన చేపల కుప్పలు. వాటిలో దూరిపోయింది.

"కదిలేదే మీది. ఏరుకోండి," అంది ఆమె.

అందరం కుప్పల చుట్టూ గొంతుకూర్చుని, ఏది కదులుతుందా అని చూస్తున్నాం. ఆటో అతను కూడా బండి ఆపేసి కూర్చున్నాడు. దారిన పోయే ఒకాయన ఆగి, "ఏటి చూత్తన్నారు?" అన్నాడు.

"బతికున్న చేప కోసం," అన్నాను.

"అవి అందులో ఉంటాయండి," అని సముద్రం వైపు చెయ్యి చూపించి పోయాడు.

ఒకసారి నా కూతురు "అగో, కదిలింది!" అని అరిచింది. పీత.

ఎండ నెత్తికెక్కింది, కొర్రమట్ట మాత్రం దొరకలేదు. ఆకలికి కళ్ళు తిరిగాయి. ఆ నాయనమ్మ వాళ్ళింటి అరుగు మీద పళ్ళేలు పెట్టి, వంజరం పులుసు వడ్డించింది. తలకాయ ముక్క నా పళ్ళెంలో వేసింది. చుట్టానికి తలకాయ వేయడం అక్కడి మర్యాదట.

"చచ్చిందే. తింటే తినండి."

తిన్నాను. మామిడికాయ పడిన పులుసు, ముక్క వెన్నలా ఉంది. ఎముకలు చీకి పక్కన పెట్టేదాకా అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"ఎలాగుంది?" అంది ఆమె.

మనుమరాలు నా మోకాలు గిచ్చింది.

"చేప మంచిగుంది. ఉప్పు తక్కువైంది," అన్నాను.

గిచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆమె లేచి వచ్చి, నా పళ్ళెంలో వేలు ముంచి నాకి చూసింది. మళ్ళీ ముంచింది.

"తక్కువే," అంది. మనవడి వైపు తిరిగింది. "ఇన్నేళ్ళుగా తింటున్నావు, ఒక్కనాడైనా చెప్పావురా?"

"నీకు భయపడి..." అని నసిగాడు.

"నువ్వు చెప్పవే. నీకెలాగుంది?" అని మనుమరాలిని అడిగింది.

మనుమరాలు నన్ను చూసి, పళ్ళేన్ని చూసి, "నాకూ తక్కువే అనిపించింది నాయనమ్మా," అంది.

"అయితే ముహూర్తం పెట్టించండి వదినా. ఉప్పు డబ్బా దీని చేతికిచ్చేత్తాను."

ఆ పూట అరుగు మీద ఉన్నవాళ్ళం: నేను, నా కూతురు, మనుమరాలు, పిల్లవాడు, వాళ్ళ నాయనమ్మ, ఇంకా ఉప్పు సరిగ్గానే ఉందని చివరిదాకా వాదించిన ఆటో అతను.