కావేరమ్మ సీసా

పంతొమ్మిది వందల అరవైల తొలి ఏళ్లలో, ఒక ఎండాకాలం, నెల్లూరు తీరంలోని ఒక మిషన్ ఆసుపత్రిలో నన్ను ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. ల్యాబ్ అంటే ఒకే గది. నా పైన డాక్టరమ్మ గారు తప్ప వేరే అధికారి లేరు.

చేరిన కొద్ది వారాలకే చిట్టమూరు వైపు నుంచి కావేరమ్మ అనే ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. పులికాట్ సరస్సులో చేపలు పట్టే కుటుంబం. మూడు వారాలుగా విరేచనాలు. అవి ఆసుపత్రి మందులకు తగ్గాయి గానీ, చేతివేళ్లు కొంకర్లు పోవడం ఆగలేదు. అలాంటప్పుడు కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు. మూడుసార్లు ఇచ్చినా ఫలితం లేకపోయింది.

డాక్టరమ్మ గారికి మెగ్నీషియం మీద అనుమానం వచ్చింది. విరేచనాలతో ఒంట్లోని మెగ్నీషియం పోతే కాల్షియం ఎంత ఇచ్చినా పని చేయదని చెప్పారు. అయితే ఊహ మీద మెగ్నీషియం ఇంజెక్షన్ ఇవ్వరు. ఒంట్లో ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. రక్తంలో దాన్ని నమ్మకంగా కొలిచే సాధనం మా దగ్గర లేదు. అందుకని మూత్రం పరీక్షించమన్నారు. లోటు ఉంటే శరీరం ఉన్నకాస్తా బయటికి పోనివ్వదు, మూత్రంలో దాదాపు కనబడదు.

ఉదయం ఆరింటి మూత్రం పారబోయాలి. అప్పటి నుంచి మర్నాడు ఆరింటిదాకా ప్రతి చుక్కా, అడుగున పేరుకోకుండా ఆమ్లం వేసిన పెద్ద సీసాలో పట్టాలి. ఆ పని వార్డు ఆయా మార్తమ్మది. సీసా వచ్చాక నేను కొంచెం తీసి, టైటన్ ఎల్లో అనే రంగుమందు, క్షారం కలిపాను. మెగ్నీషియం ఉంటే పసుపు ఎర్రబారుతుంది. అది బాగానే ఎర్రబారింది. లోటు లేదని రాసిచ్చాను. డాక్టరమ్మ గారు కాగితం రెండుసార్లు చదివి, మెగ్నీషియం ఆలోచన పక్కన పెట్టి, రోగిని మద్రాసు పంపుదామన్నారు. ఆ ప్రయాణాన్ని ఆమె తట్టుకోగలదని వార్డులో ఎవరికీ నమ్మకం లేదు.

మధ్యాహ్నం మార్తమ్మ ల్యాబు గుమ్మంలో నిలబడింది.

"సార్, ఆ సీసాలో ఉండేది కావేరమ్మది ఒక్కటే కాదు సార్. నిన్న బెడ్‌పాన్ చెయ్యి జారి ఒలికిపోయినాది. తిడతారని బయపడి పక్క మంచం ఆమెది పోసినాను."

ఇంతకంటే చిన్న తప్పుకే ఆమెకు ముందున్న ఆయాను తీసేశారు. ఆమె సంపాదన మీద ఇల్లంతా ఆధారపడి ఉందని కూడా నాకు తెలుసు. సీసా పగిలిందని చెప్పి మళ్లీ పట్టిద్దామన్నాను.

"వద్దు సార్. ఒక అబద్ధం ఆడినందుకే ఆ బిడ్డ పేణం మీదికొచ్చినాది. నేనే పొయ్యి చెప్పుకుంటా."

నేనూ వెంట వెళ్లాను. మార్తమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ గారు నేను రాసిచ్చిన కాగితం తీసి అడ్డంగా కొట్టేశారు. తర్వాత, "రేపు ఆరింటికి మళ్లీ మొదలు. నువ్వే పట్టాలి, మార్తమ్మా" అన్నారు. మద్రాసు ప్రయాణం ఆపించారు.

మర్నాడు మార్తమ్మ డ్యూటీ దిగాక కూడా ఇంటికి పోలేదు. సీసా మంచం పక్కనే పెట్టుకుని, పోసిన ప్రతిసారీ చీటీ మీద ఒక గీత గీసుకుంది. కావేరమ్మ కొంకర్లు పోయిన వేళ్లతోనే గిన్నె అంచు పట్టుకునేది. "నా వల్ల మీకు నిద్దర కూడా లేకపాయ గదక్కా" అందట.

ఈసారి గాజుగొట్టంలో రంగు పసుపుగానే నిలిచింది. అనుమానం తీరక మరో రెండుసార్లు చేశాను. మార్పు లేదు. ఆ పూటే మెగ్నీషియం ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడో రోజుకు కావేరమ్మ వేళ్లు విచ్చుకున్నాయి. నాలుగో రోజు తన జుట్టు తనే దువ్వుకుని ముడి వేసుకుంది. మరో వారానికి నడిచి ఇంటికి వెళ్లింది.

మార్తమ్మ ఉద్యోగం పోలేదు. డాక్టరమ్మ గారు మూత్ర పరీక్ష చీటీలో కొత్తగా ఒక గడి గీయించారు: "ఒలికినవి, తప్పినవి." ఆ గడి నింపినందుకు ఎవరినీ ఏమీ అనకూడదని వార్డులో అందరికీ చెప్పించారు.

తర్వాత నేను పనిచేసిన ప్రతి ల్యాబులోనూ ఆ గడి పెట్టించాను. రంగు సరిపోల్చడం ఎవరికైనా కొన్నాళ్లలో పట్టుబడుతుంది. సీసా నింపిన మనిషి నిజం చెప్పడానికి భయపడే చోట మాత్రం ఆ నేర్పు ఎందుకూ పనికిరాదు.