ఎదురుచూపుల గడి

ఆ రోజుల్లో నాకు గళ్ళ కాగితం మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. నిలువు గీతలు గీసి, గళ్ళలో అంకెలు నింపి, కింద కూడిక వేస్తే లోకంలో ఏ చిక్కయినా విడిపోతుందని గట్టిగా అనుకునేవాణ్ణి. ఇరవయ్యేళ్ళ వయసు, మెట్రిక్ పాసు, దానికి తోడు పాతబస్తీ కరెంటు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఈ మూడూ ఒకే మనిషికి ఒకేసారి దొరికితే ఆ మనిషి వీధిలో ఎట్లా నడుస్తాడో మీరే ఊహించుకోండి. గౌలిపురలో మా వాళ్ళంతా తరతరాలుగా బర్రెలు కాచి పాలు పోసినవాళ్ళే. మెట్రిక్ గట్టెక్కినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి (రెండోసారికి గట్టెక్కాను, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు). మా మేనమామ ఆ సర్టిఫికెట్టుకు అద్దమూ చెక్క చట్రమూ వేయించి, ముందు గదిలో వీధిన పోయేవాళ్ళకు కనబడేటట్టు మేకు కొట్టి తగిలించాడు. ఉద్యోగం వచ్చిన మరుసటి నెలలోనే, కరెంటు ఆఫీసువాడి ఇంట్లో కందిలి బుడ్డి ఏమిటని ఆయనే పట్టుబట్టి మా ఇంటికి ఒక బల్బు పెట్టించాడు. మీటరు ఎక్కడ బిగించమంటారని వచ్చిన మనిషి అడిగితే, ముందు గది తప్ప ఎక్కడైనా సరేనని చెప్పి నేను హడావుడిగా ఆఫీసుకు వెళ్ళిపోయాను.

మా ఆఫీసులో మీటర్లు చూసేవాళ్ళు ఆరుగురు. ఒక్కొక్కరికీ కొన్ని గల్లీలు కలిపి ఒక హల్కా అప్పగించేవారు. పొద్దున రిజిస్టరు చంకన పెట్టుకుని తమ హల్కాకు పోవడం, ఇంటింటికీ తిరిగి మీటరు మీద అంకె రాసుకోవడం, సాయంత్రం ఆ రిజిస్టరు నా బల్ల మీద పడేయడం వాళ్ళ పని. ఆ ఆరుగురిలో పెద్దవాడిని అందరం చాచా అనేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలుతో, ఎండైనా వానైనా ఒకటే గొడుగుతో ఉండేవాడు. పాతబస్తీలోకి మొదటి తీగ వచ్చిన నాటి నుంచి హుస్సేనీ ఆలం, మా గౌలిపుర ఆయన హల్కాయే. ఒకనాడు తీరికగా కూర్చుని ఆరు రిజిస్టర్లూ ముందేసుకుని ఎవరు రోజుకు ఎన్ని మీటర్లు చూస్తున్నారో గళ్ళ కాగితం మీదకు ఎక్కించాను. మిగిలిన ఐదుగురికి డెబ్భై, ఎనభై పడుతున్నాయి. చాచా పేరు ఎదురుగా ముప్పై రెండు. ఆ ముప్పై రెండునూ ఐదుగురికి పంచితే తలా ఆరో ఏడో వస్తాయి. అంటే ఆరో మనిషే అక్కరలేదు. ఈ సంగతి నేను కాగితం మీద ఎక్కడా రాయలేదు. రాయకపోయినా కింద కూడిక దగ్గర అది కొట్టొచ్చినట్టు కనబడుతూనే ఉంది.

ఆ కాగితాన్ని మా ఆఫీసు పెద్ద నాజిమ్ సాబ్ ముందు పెట్టాను. ఆయన మాట్లాడేది పూర్తిగా ఉర్దూ, నేను ఇక్కడ నాకు చేతనైన తెలుగులో రాస్తున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితాన్ని పైనుంచి కిందకు, కిందనుంచి పైకి చూసి, "శాబాష్! ఇన్నేళ్ళలో ఈ ఆఫీసులో ఎవడికీ ఇది తట్టలేదు," అన్నాడు. నేను గాలిలో తేలిపోయాను. వారం తిరగకుండానే హుకుం వచ్చింది. నెలాఖరు నుంచి చాచా హల్కాను ఐదుగురికీ పంచుతారు, చాచా ఇంటికి పోతాడు. ఆయనకు వజీఫాకు, అంటే పింఛనుకు, ఇంకా రెండేళ్ళు ఉందని ఎవరో అన్నారు. వజీఫా గడి నా కాగితంలో లేదు కాబట్టి నేను దాని గురించి ఆలోచించలేదు. (ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం లేదు, ఉన్నమాట చెప్పాలి కదా.)

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని మా అమ్మకు ఈ ఘనకార్యమంతా చెప్పుకొచ్చాను. ఆమె వడ్డిస్తున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"చాచనా? మన చాచను తీసేస్తరా?"

"నేను తీసేసిన్నా అమ్మా? లెక్కల గట్ల వచ్చింది. దినానికి ముప్పై రెండే చూస్తుండు."

"ఏ ముప్పై రెండు? ఎవరెవరి ఇండ్లు?"

"ఎవరి ఇండ్లయితే ఏంది? మీటరంటే మీటరే."

అమ్మ అన్నం గిన్నె తీసి అవతల పెట్టేసింది. "రేపు పొద్దుగాల్నే చాచ ఎంబడి తిరిగి రా పో. మన ఇంటిదాంక తిరుగు. గప్పుడు చెప్తువు గని మీటరంటే మీటరేనని," అంది. ఆ పూట నాకు బువ్వ దొరకలేదు. నా లెక్క తప్పని ఒప్పుకోవడం ఇష్టం లేక, అది ఒప్పని రుజువు చేయడానికే మర్నాడు బయలుదేరాను. మామ జేబు గడియారం అడిగి తెచ్చుకున్నాను. ఒక కొత్త నోటుబుక్కులో నాలుగు గడులు గీశాను. ఇంటి నంబరు, తలుపు తట్టిన వేళ, మీటరు చూసిన వేళ, మధ్యలో పట్టిన నిమిషాలు.

చాచా నన్ను చూసి తిడతాడేమోనని లోపల భయంగానే ఉంది. ఆయన మాత్రం గొడుగు విప్పి సగం నా నెత్తి మీదకు పట్టాడు. "రా బేటా, రా. ఇన్నేండ్లల్ల ఆఫీసోళ్ళు ఒక్కరన్న నా ఎంబడి రాలే. నువ్వు వచ్చినవు, మస్తు ఖుషీ," అన్నాడు. "నా మీద గుస్సా లేదా చాచా?" అని నీళ్ళు నమిలాను. "గుస్సా ఎందుకు? లెక్కల గట్ల వచ్చినంక నువ్వేం జేస్తవ్? వజీఫాకు రెండేండ్లున్నది, గంతే నా ఫికరు," అన్నాడు. ఆ మాట ఆయన తిట్టి ఉంటే తగిలేదానికంటే ఎక్కువ తగిలింది.

హుస్సేనీ ఆలంలో మొదటి ఇల్లు. మీటరు లోపలి దాలానులో ఉంది, దాలాను ఆడవాళ్ళు మసిలే చోటు. చాచా గుమ్మం బయట నిలబడి, గొడుగు ముడిచి, గోడ వైపు మొహం తిప్పుకుని "పర్దా!" అని కేకేశాడు. లోపల గిన్నెల చప్పుడు, చెప్పుల టపటప, ఒక కోడి అరుపు, ఎవరో కిసుక్కున నవ్వడం వినిపించాయి. "ఠైరో!" అని ఒక ముసలి గొంతు వచ్చింది. ఆగాం. మళ్ళీ "పర్దా!" అన్నాడు. మళ్ళీ "ఠైరో!" వచ్చింది. మళ్ళీ ఆగాం. చివరికి "ఆజావ్" అని వినబడ్డాక లోపలికి పోయి, తల వంచుకుని నడిచి, అంకె చూసి బయటపడేసరికి పదమూడు నిమిషాలు. అంకె చూడటానికి పట్టింది అర నిమిషం. రెండో ఇంట్లో పెద్దావిడ నమాజులో ఉంది. ఆమె లేచి సరేనంటే తప్ప లోపలికి పోకూడదు. పదిహేడు నిమిషాలు. మూడో ఇంట్లో మీటరు అంత ఎత్తున ఉంది, పీట కావాలి. ఆ పీట మీద కూర్చుని కోడలు పిల్ల అల్లం దంచుతోంది, దంచడం అయితే గాని పీట రాదు.

నాలుగో ఇంటికి నా ఓపిక పూర్తిగా అయిపోయింది. చాచా గొడుగు ముడుచుకునే లోపల నేనే "పర్దా!" అని అరిచి, జవాబు కోసం ఆగకుండా గుమ్మం దాటాను. ఒక్కసారిగా నాలుగు కేకలు, వాటి వెనకాలే ఒక చెంబు, చెంబు వెనకాల ఒక చెప్పు వచ్చాయి. చెంబు తప్పించుకున్నాను. నేను వీధిలో నిలబడి భుజం దులుపుకుంటుంటే చాచా గుమ్మం బయట నిలబడి లోపలి పెద్దావిడకు క్షమాపణలు చెప్పాడు. "కొత్త పిల్లగాడు అమ్మా, గౌలిపుర పాలోళ్ళ పోరడు, మంచోడే, లెక్కల పిచ్చి ఉన్నది," అని నచ్చజెప్పాడు. ఆ ఇంట్లో ఇరవై రెండు నిమిషాలు పట్టాయి. అందులో పదిహేను నా నిర్వాకమని నోటుబుక్కులో పక్కన నిజాయితీగా రాసుకున్నాను. ఆ తర్వాత పొద్దంతా చాచా వెనకాల గోడ వైపు తిరిగి నిలబడటం నేర్చుకున్నాను.

ఎండ వాలే వేళకు గౌలిపుర చేరాం. కాళ్ళు లాగుతున్నా, తెలిసిన వీధి కనబడేసరికి నాకు మళ్ళీ ధైర్యం వచ్చింది. "చాచా, గిప్పుడు మా ఇల్లే. గీడ పర్దా లేదు, పీట లేదు. రెండు నిమిషాల పని," అన్నాను. చాచా మా అరుగు మీద తీరిగ్గా కూర్చుని, చెప్పులు విడిచి, టోపీ తీసి పక్కన పెట్టుకున్నాడు. లోపలి నుంచి అమ్మ, "వచ్చినవా అన్నా? సల్ల తెస్త, జర కూసో," అంది. "నువ్వు సల్లంగుండు చెల్లె. బర్రె ఎట్లున్నది?" అన్నాడాయన. "ఈనిన కాడికెల్లి మనిషిని మెసలనిస్తలేదు అన్నా. పిండినంకనే లోపలికి రా." నేను నోటుబుక్కు పట్టుకుని వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాను. మీటరుకూ బర్రెకూ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. విసుక్కుంటూ కొట్టంలోకి నడిచాను. (మెట్రిక్ పాసయిన నాటి నుంచి నేను ఆ కొట్టంలో అడుగు పెట్టలేదు.) మీటరు ఎదురుగా గోడ మీదే ఉంది. గోడకూ నాకూ మధ్య బర్రె ఉంది. ముందు గది తప్ప ఎక్కడైనా సరేనన్నాను కదా, ఆ మనిషి మిగిలిన ఒకే ఒక గట్టి గోడ చూసుకుని అక్కడ బిగించి పోయాడు. రెండు నిమిషాల మాట నిలబెట్టుకోవాలని బర్రె పక్కనుంచి దూరబోయాను. అది ముందు తోకతో మొహం మీద ఒకటి కొట్టింది, తర్వాత వెనక కాలు లేపింది. నేను, మామ గడియారం, నోటుబుక్కు మూడు దిక్కులా పడ్డాం. గడియారం మాత్రం పేడలో మెత్తగా పడింది కాబట్టి ఆగలేదు.

అమ్మ చేతులు కడుక్కుని వచ్చి, బర్రె గంగడోలు నిమిరి, దుడ్డెను విడిచి, పాలు పిండి, బర్రెను పక్కకు కట్టేసేసరికి నలభై ఎనిమిది నిమిషాలయింది. హల్కా మొత్తంలో అదే ఎక్కువ. నెల నెలా చాచా మా అరుగు మీద అంతసేపు కూర్చుంటున్నాడన్న మాట. ఆ పూటంతా నేను ఆఫీసులో కూర్చుని ఆయన పేరు ఎదురుగా ముప్పై రెండు వేస్తున్నాను. "గిన్ని దినాలు ఎందుకు చెప్పలే చాచా?" అని అడిగాను. "ఏమని చెప్పాలె? నీ సర్టిఫికెట్ కోసం మీటరు బర్రె ఎనక పోయిందని అందరి ముంగట చెప్తనా? నీ ఇల్లు రాయకు బేటా. నాజిమ్ సాబ్ నవ్వుతడు, నీ ఇజ్జత్ పోతది," అన్నాడు. పోయేది ఆయన ఉద్యోగం, ఆయన చూసుకుంటున్నది నా పరువు. నాకు ఏడుపొచ్చింది. మొహం మీద పేడ ఉంది కాబట్టి కడుక్కునే నెపంతో లోపలికి పోయాను.

రాయకుండా వదిలేద్దామా అని ఆ రాత్రి ఒకసారి అనిపించిన మాట నిజం. కానీ మిగిలిన ఇళ్ళ సంగతి మాత్రమే చెబితే, ముసలాయన కావాలనే కూర్చుంటున్నాడు, పర్దా ఒక సాకు అని నాజిమ్ సాబ్ తోసిపారేయవచ్చు. మా ఇంటి సంగతి అట్లా కాదు. అక్కడ ఆలస్యం చాచాది కాదని చెప్పడానికి సాక్షినీ నేనే, దోషినీ నేనే. కొత్త కాగితం గీశాను. పాత గళ్ళ పక్కన ఒక గడి పెంచి పైన ఇంతెజార్, అంటే ఎదురుచూపు, అని రాశాను.

నాజిమ్ సాబ్ చదువుతూ చదువుతూ కింది వరసలో ఆగాడు. "గౌలిపుర, నలభై ఎనిమిది నిమిషాలా! ఏ నవాబు దేవిడీ ఇది?"

"మా ఇల్లు, హుజూర్."

"మీటరు ఎక్కడుంది?"

"బర్రె వెనక."

"అక్కడ పెట్టించిన తెలివిగలవాడు ఎవడు?"

"నేనే. ముందు గది గోడకు నా మెట్రిక్ సర్టిఫికెట్ ఉంది, హుజూర్."

నాజిమ్ సాబ్ నన్ను చూశాడు, కాగితాన్ని చూశాడు, రూమీ టోపీ తీసి బల్ల మీద పెట్టి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మీసాలున్న పెద్ద గుమాస్తాలు కూడా రిజిస్టర్లు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వు తగ్గాక పాత హుకుం తెప్పించి అడ్డంగా కొట్టేశాడు. ఇకనుంచి మీటర్లు ఎన్నో కాదు, ఎంతసేపు పడుతుందో చూసి హల్కాలు పంచమన్నాడు. అట్లా పంచితే చాచా హల్కాలోంచే రెండు గల్లీలు పక్కవాడికి పోయాయి. "నీకు రెండు దినాల గడువు. సర్టిఫికెట్ దించి అక్కడ మీటరు పెట్టించు," అన్నాడు నాకు. సాయంత్రం చాచా రిజిస్టరు నా బల్ల మీద పెట్టి, నా నెత్తి మీద చెయ్యి వేసి పోయాడు.

సర్టిఫికెట్టు నేనే దించాను. మామ నెల రోజులు నాతో మాట్లాడలేదు. మీటరు ముందు గదిలోకి వచ్చింది కాబట్టి కొత్త కాగితంలో మా ఇంటి ఎదురుగా రెండు నిమిషాలని వేశాను. ఒకనాడు జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నప్పుడు చాచా వచ్చాడు. గుమ్మంలోంచే అంకె చూసి రాసుకున్నాడు. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత అరుగు మీద చెప్పులు విడిచి, టోపీ పక్కన పెట్టుకుని, అమ్మ ఇచ్చిన సల్ల తాగుతూ, బర్రె గురించి, దుడ్డె గురించి, నా జ్వరం గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. నేను మంచం మీంచి గడియారం చూశాను. సరిగ్గా నలభై ఎనిమిది నిమిషాలు కాదు గాని దగ్గరదగ్గరే. లెక్క ప్రకారం ఆ రెండును దిద్దాలి. నేను దిద్దలేదు. రెండేళ్ళూ అట్లాగే ఉంచాను. చాచా వజీఫా తీసుకుని వెళ్ళాక వచ్చిన మనిషి నిజంగానే రెండు నిమిషాల్లో పోయేవాడు. "గీయన నిలవడడు గదరా," అని అమ్మ సల్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో అట్లాగే నిలబడేది.

ఇప్పుడు నాకు ఆనాటి చాచా కంటే ఎక్కువ వయసు. కొట్టం లేదు, బర్రె లేదు, మా మీటరు వీధి గోడకే ఉంది, పిలవకుండానే చూసుకుని పోవచ్చు. అయినా నెలకోసారి మీటరు చూసే పిల్లవాడు వస్తే, నాకు అంకెలు ఆనడం లేదు, కాస్త చదివి చెప్పి పో బాబూ అని అరుగు మీద కూర్చోబెడతాను. మజ్జిగ తెస్తానుండమని లోపలికి పోయి, గ్లాసు కనబడనట్టు కాసేపు వెతుకుతాను. వాడు పాపం, గడియారం చూసుకుంటూ కూర్చుంటాడు. వాడి ఆఫీసులో నాలాంటి గుమాస్తా ఎవడో ఈ పాటికి వాడి పేరు ఎదురుగా ఒక ఇల్లు తక్కువ వేసే ఉంటాడు.