దొంగ మూడు రోజులు

తోటపని చేస్తే మనసు ప్రశాంతంగా ఉంటుందని మొన్న మా పక్కింటావిడ చెబితే నాకు ఒళ్లు మండింది. ఆవిడ డాబా మీద నాలుగు కుండీల్లో పుదీనా వేసుకుని, సాయంత్రాలు పైపుతో నీళ్లు చల్లే మనిషి. చిత్తూరు ఎండల్లో వీధి చివరి బోరింగు కొట్టి, పూటకు పన్నెండు బిందెలు చంకనెత్తుకొచ్చి వంకాయ చెట్లకు పోస్తే ఏం ప్రశాంతత వస్తుందో నన్నడగాలి. నడుం నొప్పి వస్తుంది, మనుషుల మీద అసహ్యం వస్తుంది. అదేమీ ఆవిడకు చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను.

ఆ తోట మా అత్తది. అత్తంటే నాయనకు అక్క. మొగుడు పోయాక, పిల్లలు లేరని నాయన మా ఇంటికి తీసుకొచ్చాడు. వచ్చిన నెలకే అమ్మ చేతిలోంచి గరిటె లాక్కుంది, రెండు నెలలకు ఇల్లంతా లాక్కుంది. అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఇంటి వెనక మూరెడు పెరట్లో అత్త పెంచనిది లేదు. బెండ, వంగ, మటిక్కాయలనే గోరుచిక్కుళ్లు, కరేపాకు, పొట్లపాదు, గోడ పొడుగునా కనకాంబరాలు. ఆమె చెయ్యి పెడితే ఎండుపుల్ల కూడా చిగురిస్తుందని వీధిలో అందరూ మెచ్చుకునేవాళ్లు. నీళ్లు మోసేది ఎవరో ఒక్కరు కూడా అడగలేదు.

డెబ్బైల చివరి రోజులు. నేను ఇంటరు పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. పాసైతే తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో బి.ఏ.లో చేర్పిస్తాననీ, హాస్టల్లో ఉండి చదువుకోమనీ నాయన మాటిచ్చాడు. మా వంశంలో ఆడపిల్ల ఎవరూ ఊరు దాటి చదివింది లేదు. ఆ ఎండాకాలమంతా నేను ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను. నాకు చదువు కావాలి, నిజమే. అంతకంటే ఎక్కువగా అత్త లేని ఊరు కావాలి.

అంతవరకు పొద్దు పోవడానికి ఊళ్లో లైబ్రరీ నుంచి నవలలు తెచ్చుకునేదాన్ని. కొన్నింటికి అట్టలుండేవి కావు, కొన్నింటికి చివరి పేజీలుండేవి కావు. హీరోయిన్ బతికిందో చచ్చిందో తెలీక రెండు రోజులు బాధపడిన సందర్భాలున్నాయి. దొరికిందల్లా చదివాను. కానీ చదవనిస్తే కదా! నేను పుస్తకం తెరిస్తే చాలు, పెరట్లో ఏదో ఒకటి ఎండిపోయేది. వంగకు పురుగు పట్టింది, బూడిద చల్లు. పొట్లకాయ వంకర తిరుగుతోంది, కొసకు రాయి కట్టు. బియ్యం కడిగిన నీళ్లు వృథాగా పోతున్నాయి, తీసుకెళ్లి కరేపాకుకు పొయ్యి. కూర్చుని చదివే ఆడపిల్లంటే ఆమెకు కడుపుమంట. ఆ మంటను చల్లార్చడానికి పూటకు పన్నెండు బిందెలు చాలేవి కావు.

మా ఇంట్లో ఆడవాళ్లు నెలకు మూడు రోజులు దూరముండాలి. వెనక వసారాలో చాప, చెంబు, కంచం వేరు. ఇంట్లోకి రాకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు, చెట్ల ఛాయలకు అసలే పోకూడదు. నీడ పడితే పొట్లపాదు ముడుచుకుపోతుందనీ కనకాంబరాలు మాడిపోతాయనీ అత్త గట్టిగా నమ్మేది. పుస్తకాలు కూడా ముట్టుకోకూడదు, సరస్వతి కాబట్టి. అయితే అత్తకు అక్షరమ్ముక్క రాదు. ఆమె లెక్కలో సరస్వతి ఉండేది బడి పుస్తకాల్లోనే. అట్ట మీద బొమ్మలున్న నవలల్లో ఏ దేవతా కాలు పెట్టదని ఆమెకు ఆమే తీర్మానించుకుంది. ఈ ఒక్క విషయంలో ఆమె తెలివితక్కువతనానికి నేను మొక్కుకున్నాను.

ఏప్రిల్‌లో ఆ మూడు రోజులు వచ్చాయి. వసారాలో గోడకానుకుని మూడు నవలలు చదివేశాను. బిందె లేదు, బూడిద లేదు, పిలిచేవాళ్లు లేరు. అన్నం కూడా అత్తే తెచ్చి, దూరం నుంచి నా కంచంలో వేసి పోయేది. నాలుగో రోజు తలకు పోసుకుని ఇంట్లోకి పోవాలంటే ఏడుపొచ్చింది.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక పొద్దున నేను నవల మధ్యలో ఉన్నాను. పెళ్లి పందిట్లోంచి పెళ్లికూతురు కనిపించకుండా పోయింది. అప్పుడే అత్త ఖాళీ బిందె తెచ్చి నా కాళ్ల దగ్గర దభీమని పెట్టింది. నేను తలెత్తకుండానే, దూరముండానన్నాను. ఆలోచించి ఆడిన అబద్ధం కాదు, నోట్లోంచి దానంతటది వచ్చింది. అత్త నా మొహంలోకి ఒక నిమిషం చూసింది. బిందె తనే చంకనెత్తుకుని బోరింగుకు పోయింది.

ఒకసారి అబద్ధమాడాక రెండోసారికి భయమేముంది! జూన్ సగమయ్యేలోపల మూడుసార్లు అట్లా చేశాను. అనుమానం రాకూడదని గుడ్డలు నీళ్లలో ముంచి, స్నానాల దడి వెనక తీగె మీద ఆరేసేదాన్ని. ఎంత తెలివైనదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను. మిట్టమధ్యాహ్నం, యాభై దాటిన మనిషి, బిందె బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతూ నీళ్లు మోస్తుంటే పుస్తకం అంచు మీదుగా చూసేదాన్ని. అయ్యో అనిపించలేదు. సంతోషంగా ఉండేది. ఒకటి రెండుసార్లు నవ్వొచ్చి పుస్తకం అడ్డం పెట్టుకున్నాను కూడా. ఆమె మోయలేకపోయిన చోట బెండ చెట్లు ఎండిపోయాయి. అదీ నాకు సంతోషమే.

ఫలితాలొచ్చాయి, ఫస్టు క్లాసు. కాలేజీ దరఖాస్తు తెప్పించుకుని, అన్నీ నింపి, సంతకం కోసం నాయనకిచ్చాను. ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మూడు రోజులైంది, అయిదు రోజులైంది. అడిగితే చూద్దాంలే అని పక్కకు చూసేవాడు. శనివారం ఆఖరు తేదీ. గురువారం నాడు వంటింట్లో బియ్యం చెరుగుతున్న అమ్మను పట్టుకుని నిలదీశాను. అమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"నీకు పదైదు దినాలకొక తూరి వస్తాండాదంట గదమ్మా. ఒంట్లో నెత్తురు లేదు, హాస్టల్లో పడిపోతే ఎవురు చూస్తారని మీ అత్త మీ నాయనకు చెప్పింది. ఆయన బయపడినాడు."

జబ్బేమీ లేదని చెబితే అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే తిరుపతి పోతుంది. పైగా ఆ రోజుల్లో ఇట్లాంటి సంగతి ఏ ఆడపిల్లా నాయనతో మాట్లాడేది కాదు. ఏం చెప్పాలన్నా మధ్యలో అత్త నోరే దిక్కు. సరే, కాళ్లు పట్టుకోవాల్సొస్తే పట్టుకుందామని పెరట్లోకి పోయాను.

అత్త పొట్లపాదు కింద నిలబడి పిందెకు రాయి కడుతోంది. నాకు జబ్బేమీ లేదనీ, ఆ మూడుసార్లూ దొంగ రోజులనీ, నాయనకు నువ్వే చెప్పాలనీ గడగడా చెప్పేశాను. ఆమె ముడి బిగించి, అప్పుడు నావైపు తిరిగింది.

"తెలుసు. ఉత్త గుడ్డలు ముంచి ఆరేస్తే నాకు తెల్దనుకుంటివా? ఎన్నేండ్లు ఉతికిన చేతులు ఇవి."

"తెలిసి కూడా జబ్బని ఎందుకు చెప్పినావు అత్తా?"

"నీ వయసులో నేను దూరముంటే, మా అత్త నన్ను పశువుల కొట్టంలో కూర్చోబెట్టి మూడు దినాలూ శెనక్కాయలు వొలిపించేది. గోళ్లు చీలిపొయ్యేటివి. నువ్వేమో గోడకానుకోని పుస్తకం చదవతా, నాచేత అన్నం పెట్టించుకుంటివి, నాచేత నీళ్లు మోయిస్తివి. సూసి నవ్వుకుంటివి. నాకు కండ్లు లేవా?"

ఇది విని నాకు జాలి కలగాలని చాలామంది అనుకుంటారు. కలగలేదు. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా కలగడం లేదు. ఆమె గోళ్లు చీల్చింది నేనా? ఆ అత్తగారి మీద తీర్చుకోవాల్సిన కసి, ఆమె పోయాక, నామీద తీర్చుకుంటే నేనెందుకు పడాలి? ఆ క్షణంలో పాదు పీకి పారేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ పాదు కంటే దరఖాస్తు ముఖ్యం. గిర్రున తిరిగి ఇంట్లోకి పోయాను.

నాయన ఆఫీసు నుంచి వచ్చి ముందు గదిలో పేపరు చదువుతున్నాడు. తలుపు పక్కన నిలబడి చెప్పేశాను. నాకు జబ్బు లేదు, పుస్తకాలు చదువుకోవడానికి దూరమున్నానని అబద్ధం చెప్పాను, అత్తకు ఇదంతా తెలుసు. దూరమన్న మాట నా నోట వినగానే ఆయన పేపరు మొహానికి అడ్డంగా ఎత్తుకున్నాడు. దాని వెనక నుంచే అక్కను కేకేసి, ఇది చెప్పేది నిజమేనా అనడిగాడు.

అత్త కాదంటుందనే అనుకున్నాను. తగువుకు సిద్ధంగా పళ్లు బిగించి ఉన్నాను. అత్త చేతులకంటిన మట్టి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నిజమేరా. గుండ్రాయి మాదిరి ఉండాది. జబ్బూ లేదు, గిబ్బూ లేదు. పుస్తకాలకోసరం మూడు తూర్లు అబద్ధం చెప్పింది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒప్పుకుంది, ఇంక సంతకమే తరువాయి అనుకున్నాను. నాయన పేపరు పక్కన పెట్టి, జేబులోంచి దరఖాస్తు తీసి, మడతలు విప్పాడు. పెన్ను కోసం నేను బల్ల వైపు అడుగేశాను కూడా.

"జబ్బయ్యుంటే మందిప్పించి అయినా పంపించుందును," అన్నాడు. "ఇంట్లో ముగ్గురు పెద్దోళ్లం ఉండంగానే, మా కండ్లముందరే ఇన్ని దినాలు అబద్ధమాడినావు. ఎవురూ సూసేవాళ్లు లేనిచోట నిన్ను ఎట్ల నమ్మి వదిలేది?"

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఏడ్చి, అన్నం మానేసి సాధించుకునేదాన్ని. కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో మడిచి నా చేతిలో పెట్టి, పేపరు తీసుకున్నాడు. వంటింట్లోంచి అమ్మ రాలేదు. చాట చప్పుడు మాత్రం ఆగిపోయింది.

నేను అత్త వైపు చూశాను. ఆమె నిజం చెప్పినందువల్లే నా చదువు పోయింది, అబద్ధం చెప్పున్నా పోయేదే. ఆ సంగతి ఆమెకు నాకంటే ముందే తెలుసు. గెలిచిన మనిషిలా నవ్వనైనా లేదు. ఇంటెనక్కి నడుస్తూ, రోజూ చెప్పే గొంతుతోనే చెప్పింది.

"పొద్దు గూకతాండాది. పొయ్యి చెట్లకు నీళ్లు పొయ్."

పోశాను. ఆ సాయంత్రం పోశాను, కాలేజీలు తెరిచిన రోజు పోశాను, ఆ తర్వాత రెండేళ్లు, నాకు పెళ్లి చేసి పంపించేదాకా పోశాను.