చాయ్ కొట్టు సాక్షి

మణుగూరులో బొగ్గు గని గేటు ఎదురుగా మా అమ్మకు చాయ్ కొట్టు ఉండేది. షిఫ్టు దిగినవాళ్లు మొహం కూడా కడుక్కోకుండా వచ్చి బెంచీల మీద కూలబడేవారు. నెత్తి నుంచి మెడ దాకా బొగ్గే. ఎవరికి తీపి ఎక్కువ కావాలో, ఎవరికి పాలు తక్కువ పోయాలో అమ్మకు కంఠతా వచ్చు. పేర్లు మాత్రం ఎప్పుడూ అడిగేది కాదు. ఆవిడకు అదో గొప్ప.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక మధ్యాహ్నం సైకిల్ స్టాండు వెనక ఎవడో ఒక కాంట్రాక్టు సూపర్‌వైజర్‌ను ఇనుప రాడ్డుతో తల మీద కొట్టి, అమ్మ ముందు నుంచే ఉరికిపోయాడు. వాడి మొహం నిండా బొగ్గు. అంతకుముందు ఆ సూపర్‌వైజర్‌తో గొడవపడ్డ లోడింగ్ కూలీని పోలీసులు పట్టుకుపోయారు. ఆనవాలు పట్టడానికి అమ్మను సబ్ జైలుకు రమ్మన్నారు.

బయలుదేరే ముందు అమ్మ మోకరించి, "నా నోట అబద్ధం రానియ్యకు ప్రభువా" అని ప్రార్థన చేసింది. ఆవిడ నోట అబద్ధం రాలేదు కూడా. అదే ఇప్పటికీ నా మనసును తొలిచేస్తుంది. అబద్ధమే ఆడి ఉంటే అమ్మను నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

జైల్లో మేజిస్ట్రేటు ముందు, స్నానాలు చేసి వచ్చిన మగవాళ్లను వరసగా నిలబెట్టారట. అందరూ కొత్తవాళ్లే. ఒక్కడు మాత్రం బాగా తెలిసినవాడిలా అనిపించాడు. అమ్మ వెళ్లి అతని భుజం మీద చెయ్యేసింది. అతనే పోలీసులు పట్టుకుపోయిన ఆ లోడింగ్ కూలీ.

"చూడంగనే ఎరికైంది బిడ్డా. గా మొఖం నేనెట్ల మర్సిపోత?" అంది ఇంటికొచ్చి.

కేసు కోర్టుకొచ్చేసరికి ఏడాది దాటింది. పూచీ ఉండే దిక్కులేక అతను అన్నాళ్లూ జైల్లోనే ఉన్నాడు. అతని తరఫు వకీలు గొంతు పెంచకుండా అడిగాడు.

"ఈయన రోజూ నీ కొట్టుకాడ చాయ్ తాగెటోడు. తీపి ఎక్కువెయ్యమనెటోడు. యాదికొచ్చిందా అమ్మా?"

అమ్మ అతన్ని తేరిపార చూసింది.

"అవ్ సార్."

"రోజూ చూసే మనిషే కొట్టి ఉరికితే, గా పొద్దే పోలీసులకు ఎందుకు చెప్పలే?"

జైల్లో తను గుర్తుపట్టింది కొట్టి ఉరికినవాణ్ని కాదని, రోజూ బెంచీ మీద కూర్చునే మనిషినని అమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. కేసు కొట్టేశారు. ఆ ఏడాదిని మాత్రం అతనికి ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు.

ఆ తర్వాత అమ్మ తన కళ్లను నమ్మడం మానేసింది. ఏళ్లుగా వచ్చేవాళ్లను కూడా "ఎవరు బిడ్డా?" అని అడిగిగానీ గ్లాసు అందించేది కాదు. ముసలమ్మకు చూపు మందగించిందని జనం నవ్వేవారు. నాకు ఏడుపొచ్చేది.

ఒక సాయంత్రం ఒకతను వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. అమ్మ మామూలుగానే అడిగింది.

"ఎవరు బిడ్డా?"

"నువ్వు జైల్ల చూపిచ్చినోన్ని, అమ్మా."