అమెరికా పెద్దకూ గిర్మిటే

పెదనాన్న పోయాడని నా పుట్టిల్లు లంబాసా నుంచి స్టీమరులో మా నౌసోరికి వచ్చినవాళ్ళు చెప్పారు. అప్పటికే దహనమై వారం దాటిందట. పిండి కలుపుతున్న చెయ్యి కడుక్కోకుండానే గుమ్మంలో కూలబడి ఏడ్చాను. సొంత పెదనాన్న కాదు. మా నాన్నా ఆయనా ఒకే ఓడలో ఫిజీకి వచ్చారు. ఓడ చుట్టరికం ముందు రక్తసంబంధం ఏపాటిదని అమ్మ అనేది. నేనివాళ నచ్చిన మనిషితో కాపురం చేసుకుంటున్నానంటే అది ఆయన పుణ్యమే.

గిర్మిట్, అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం, తీరాక ఆయన సువాలో ఒక అమెరికా వర్తకుడి ఇంట వంట చేశాడు. ఆ దొర దేశం వెళ్ళిపోయాక మళ్ళీ మా చెరుకుతోటకే కూలికి వచ్చి, కూలీల వరస గదుల్లో, అదే మా లైనులో, ఉండిపోయాడు. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువే వేసేవాడు. ఎవరైనా మొహం చిట్లిస్తే, "దొరే తిన్నాడు, నీకేటి నొప్పి?" అనేవాడు.

ఆదివారం సాయంత్రం మగవాళ్ళు యాంగోనా వేరు పొడి నీళ్ళలో కలుపుకుని తాగుతూ కూర్చుంటే దొర దగ్గర విన్న కబుర్లు విప్పేవాడు.

"ఆళ్ళకి రాజు నేడర్రా. పెసిడెంటని ఒకడుంటాడు. నాలుగేళ్ళే."

"ఓర్నాయనో, నాలుగేళ్ళ గిర్మిటా? మనకంటే ఏడాది తక్కువే!" అని లైనంతా నవ్వేది. పాపం, ఏ ఏజెంటు మాయమాటలు చెప్పి వేలిముద్ర వేయించాడో అని జాలిపడ్డవాళ్ళూ ఉన్నారు.

పెదనాన్న మాత్రం నవ్వేవాడు కాదు. "ఆడి అధికారం ఆడి సొంతం కాదు. జనం తరపున పెద్దోళ్ళు కూకుని కాయితం రాసినారు. సైన్యం ఆడి మాట ఇంటాది. శిచ్చ పడ్డోడిని ఒగ్గీమనొచ్చు. చట్టం నచ్చకపోతే తిప్పి పంపొచ్చు. డబ్బు కావాలంటే మటుకు జనం ఎన్నుకున్న సబనే అడగాల."

"మరి కాయితంలో రాయనిదో?"

"అక్కడే ఉంది కిటుకు. ఒకడు సేసేస్తాడు, ఎవుడూ అడగడు. తరవాతోడొచ్చి అది నా హక్కే అంటాడంట."

మా లైనుకి పెద్దమనిషిగా ఉండమని అందరూ అడిగితే ఏడాదికే ఒప్పుకున్నాడు. నీళ్ళ తగాదాలు తీర్చడం, శ్రీరామనవమి పందిరి చూసుకోవడం, జ్వరం వచ్చినవాళ్ళకు వంతులవారీగా గంజి పంపించడం, ఇంతవరకే నా పెత్తనమని అందరిచేతా అనిపించుకున్నాడు. ఏడాది తిరగ్గానే "నా గిర్మిట్ తీరింది, మీ పెత్తనం మీరు తీసుకోండి" అని లేచిపోయేవాడు. బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టేవాళ్ళు. ఆ బతిమాలడం ఆయనకు కాస్త ఇష్టమేనని నా అనుమానం.

నాన్న పోయిన మరుసటేడు, నాకు పదహారేళ్ళప్పుడు, కూలీల మీద మేస్త్రీగా ఉన్న సర్దారు నన్ను తన బావమరిదికి అడిగాడు. ఆ మహానుభావుడి మొదటి పెళ్ళాం దెబ్బలు తాళలేక పారిపోయింది. అమ్మ కుదరదంది. సర్దారు దగ్గర మంచి అనిపించుకోవాలని కొందరు మగవాళ్ళు పెదనాన్న మీద పడ్డారు.

"పెద్దవి నువ్వు, ఒక్క మాట సెప్పు. ఎనకటి పెద్ద రెండు పెళ్ళిళ్ళు ఇలాగే సెయ్యించినాడు కాదా?"

"ఆడు సేసినాడు, ఎవులూ అడగనేదు. అడగనేదని హక్కయిపోద్దేటి? మీరిచ్చిన పెత్తనంలో పిల్ల నేదు" అన్నాడు పెదనాన్న.

అమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అయితే బావగోరూ, ఈ పెళ్ళి జరగదని మీరే సెప్పీండి" అంది.

"అదీ నాకియ్యనేదమ్మా" అన్నాడు. ఆ పూట ఆయన్ని నేను తిట్టుకున్న తిట్లు రాయడానికి పనికిరావు.

సర్దారు ఆ వారమంతా ఆయనకు రాళ్ళనేల తవ్వే పని వేశాడు. ఇచ్చిన మేరంతా తవ్వాడు. ఆదివారం లైనంతటినీ పిలిచాడు, ఆడవాళ్ళతో సహా. ఎన్నడూ లేని వింత.

"అమెరికాలో ఆడోళ్ళని అడుగుతారేటి?" అని ఒకడు సణిగాడు.

"శానా సోట్ల అడగరంట. మరి ఆడోళ్ళ తరపు సగం అధికారం ఎవులిచ్చినారని నానడిగితే దొర కాఫీ తెమ్మన్నాడు" అని నా వైపు తిరిగాడు. "ఏటమ్మా, నీకిష్టమేనా?"

అంతవరకు నన్ను ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. తల అడ్డంగా ఊపాను.

"నోటితో సెప్పు. ఎనకోళ్ళకి ఇనపడాల."

"నాకొద్దు" అన్నాను.

"పెళ్ళి సంగతిలో తల్లీపిల్లల మాటే మాట, పెద్దకి గానీ ఇంకోళ్ళకి గానీ పెత్తనం నేదు అన్నోళ్ళు సెయ్యెత్తండి" అన్నాడు పెదనాన్న లైనుతో.

సర్దారు అక్కడే నిలబడి ఉన్నాడు. ముందు అమ్మ చెయ్యి లేచింది. చాలాసేపు అదొక్కటే. తర్వాత పక్కగది ఆవిడది, ఆ వెనక ఇంకొకరిది, చెరుకు ఆకులు కోసిన గీతలతో ఒక్కొక్కటే లేచాయి. మగవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని కదిలారు. అందరికంటే వెనక, గోడవార, సర్దారు భార్య కూర్చుంది. పెళ్ళికొడుక్కి సొంత అక్క. పారిపోయిన ఆ పిల్ల దెబ్బలకు పసుపు పెట్టింది ఆవిడే. మొగుడి వైపు చూడలేదు. ఒళ్ళోని బిడ్డను ఎడమ భుజానికి మార్చుకుని కుడి చెయ్యి ఎత్తింది. "సాలమ్మా, దించు" అని పెదనాన్న అనేదాకా దించలేదు.